1982 ఫియట్ పద్మిని: సి బుక్కుకు ఇబ్బంది రాకుండా ఎంతవరకు మార్చుకోవచ్చు?

తెనాలి_పద్మిని
నాన్నగారి ప్రీమియర్ పద్మిని, 1982 బండి. చాలాకాలం మా మేనత్త వాళ్ల రేకుల షెడ్డులో ఉండి ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. డోర్ల కింద తుప్పు ఉంది, డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్ పోయింది, ఇంజిన్ మాత్రం స్టార్ట్ అవుతోంది. సి బుక్కు (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) నా పేరు మీదకు మారింది, రెన్యువల్ వచ్చే మార్చిలో.
షెడ్డు మేస్త్రి చెప్పిన లిస్టు ఇది: మారుతి జిప్సీ 1300 ఇంజిన్, దానితో వచ్చే ఐదు గేర్ల బాక్సు, ముందు డిస్క్ బ్రేకులు, ఏసీ, అల్లాయ్ వీల్స్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, క్రీమ్ రంగు తీసేసి నలుపు. "ఎవరు చూస్తారు సార్, చేసేద్దాం" అంటున్నాడు. నేను ఈ బండిని ఎగ్జిబిషన్‌లో పెట్టుకోవడానికి తెచ్చుకోలేదు. పిల్లలను ఎక్కించుకుని ఊళ్లో తిరగాలి, అప్పుడప్పుడు గుంటూరు వెళ్లి రావాలి. రోడ్డు మీద ఎవరు ఆపినా కాగితాలు ధైర్యంగా చూపించగలగాలి. వీటిలో ఏవి చేయించవచ్చు?

స్టెప్నీ
ఇంజిన్ సంగతి తర్వాత, ముందు మేస్త్రిని మార్చండి.

గోదావరి_గేరు
ఫ్లోర్ పోయిందన్నారు కదా, లిస్టులో మొదటిది అదే కావాలి. జాక్ పెట్టే చోట, సస్పెన్షన్ బిగించే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పద్మినికి విడిగా చాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే చాసిస్. కింద రేకు పోతే పైన ఏ ఇంజిన్ పెట్టినా దండగ.

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
రవాణా శాఖలో చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.
మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ చూడండి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కేరళ నుంచి వచ్చిన కేసు అది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్ తెచ్చారు. అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట గమనించండి.
అంటే ఏమీ ముట్టుకోకూడదని కాదు. మీ సి బుక్కు తీసి ఎదురుగా పెట్టుకోండి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధనం, రంగు, బాడీ రకం, సీట్ల సంఖ్య, బరువు ఉంటాయి. వీటిలో దేన్ని కదిలించినా ముందు ఆఫీసులో అనుమతి కావాలి, పని అయ్యాక 14 రోజుల్లో బండి, కాగితాలు చూపించి నమోదు చేయించాలి. ఈ గళ్లలోకి రాని పనులు వేరు. బ్రేకులు బాగుచేయడం, ఆల్టర్నేటర్ పెట్టడం, రేడియేటర్ మార్చడం, సీటు బెల్టులు బిగించడం వంటివాటికి ఇన్‌స్పెక్టర్ అడ్డుపడడు. బండి భద్రంగా ఉందా లేదా అన్నదే చూస్తాడు.

తెనాలి_పద్మిని
రంగు కూడా సి బుక్కులో ఉంటుందని ఇప్పుడే తీసి చూశాను. నిజమే, "క్రీమ్" అని ఉంది.

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
రంగు పెద్ద కష్టమైన పని కాదు. ముందే దరఖాస్తు పెట్టి, రంగు వేయించి, బండి చూపించి మార్పించుకోవచ్చు. ఆలివ్ గ్రీన్ మాత్రం వద్దు, అది సైన్యం బండ్లకే.

బెజవాడ_సోలెక్స్
నలుపు ఎందుకండీ? తెనాలి ఎండకు నల్ల ఫియట్ లోపల అప్పడాలు కాల్చుకోవచ్చు.

ఆటోనగర్_అన్న
బ్రేక్‌ఇన్‌స్పెక్టర్ గారి మీద గౌరవం ఉంది కానీ, వాస్తవం కూడా మాట్లాడుకుందాం. జిప్సీ ఇంజిన్ ఎక్కించిన ఫియట్‌లు, ఇసుజు ఇంజిన్ ఎక్కించిన పాత మార్క్ 2 అంబాసిడర్లు మన రోడ్ల మీద ఎన్నో తిరుగుతున్నాయి. ఫియట్ 1089 సీసీ ఇంజిన్‌కు పిస్టన్లు, బేరింగులు దొరకడం కష్టమవుతోంది. జిప్సీ ఇంజిన్ కూడా ఫియట్‌దిలాగే బండి పొడవు వెంబడి కూర్చుంటుంది, వెనక చక్రాలు తిప్పుతుంది, పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మేస్త్రి అడిగినదాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదు. రోజూ నడిపే మనిషికి నమ్మకమైన ఇంజిన్ కావాలి కదా.

ఏలూరు_క్లచ్
ఇంజిన్ బాగుంటుంది, ఒప్పుకుంటా. 40 గుర్రాల కోసం చేసిన బ్రేకులూ, స్టీరింగూ, వెనక యాక్సిలూ దానికి దాదాపు రెట్టింపు బలాన్ని మోయాలి కదా. దాని గురించి మేస్త్రి ఏమైనా చెప్పాడా?

ఆటోనగర్_అన్న
డిస్కులు కూడా లిస్టులో ఉన్నాయి కదండీ.

నల్లమల_డ్రైవరు
మా పెద్దబావ కేసు చెప్తా. అంబాసిడర్‌లో వేరే బండి డీజిల్ ఇంజిన్ పెట్టించాడు. సి బుక్కులో పెట్రోలు, పాత ఇంజిన్ నంబరు అలాగే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు, ఆటోనగర్ అన్న చెప్పినట్టే. ఒంగోలు దాటాక లారీ వెనక నుంచి గుద్దింది. తప్పు లారీదే. అయినా బండి నష్టం కోసం ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టినప్పుడు సర్వేయర్ బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు రాసుకున్నాడు. క్లెయిమ్ తిప్పికొట్టారు. బండి అమ్మేద్దామంటే కొనేవాడు ఇంజిన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ముద్ర తీసి చూసుకుని వెనక్కి పోయాడు. ఆ అంబాసిడర్ ఇప్పటికీ వాళ్ల పెరట్లో ఉంది.

స్టెప్నీ
దెబ్బలేమైనా తగిలాయా అన్నా?

నల్లమల_డ్రైవరు
భుజం విరిగింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. అవతలివాళ్లకు ఏమైనా అయ్యుంటే, ట్రిబ్యునల్ ఇన్సూరెన్స్ కంపెనీ చేత కట్టించినా ఆ డబ్బు ఓనరు దగ్గరే రాబట్టుకోమని చెప్పే అవకాశం ఉందని లాయరు అన్నాడు. ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చేది.

కందూరి_వైపర్
పాత సామాను మార్కెట్లో కొన్న ఇంజిన్‌కు బిల్లు ఉండదు. ఆ ఇంజిన్ ఏ దొంగ బండిదో మీకు తెలియదు. చెన్నై పుదుపేటలో కొన్నా, ఇక్కడ కొన్నా, అమ్మినవాడి బిల్లు, దాని మీద ఇంజిన్ నంబరు, పాత బండి కాగితాల జిరాక్సు లేకుండా ఇంటికి తేవద్దు. ఇది చట్టం కంటే ముందు మీ మనశ్శాంతి కోసం.

తెనాలి_పద్మిని
అయితే పద్మినిదే ఇంకో ఇంజిన్ దొరికితే?

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
అదే తయారీ, అదే రకం, అదే ఇంధనం అయితే బిల్లు పెట్టి అనుమతి అడగవచ్చు. కొత్త ఇంజిన్ నంబరు సి బుక్కులో ఎక్కుతుంది. మీ ఇంజిన్ బ్లాకు మాత్రం పారేయకండి. బోరింగ్ (అరిగిన సిలిండర్లను తొలిచి సాపు చేయడం) చేయించి అదే నంబరుతో నడిపితే ఆఫీసుకు పోవాల్సిన పనే లేదు.

గోదావరి_గేరు
118ఎన్ఈ కారు ఇంజిన్ పెడితే? అదీ ప్రీమియర్ కంపెనీదే కదా.

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
కంపెనీ ఒకటే, ఇంజిన్ రకం వేరు. అది నిస్సాన్ ఏ12, 1171 సీసీ. సి బుక్కులో సీసీ మారిపోతుంది. పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే ఆ కాగితంతో చేయించండి, లేదంటే వదిలేయండి. చేసేశాక అడగడం అన్నిటికంటే చెడ్డ దారి.

ఓరుగల్లు_అంబాసిడర్
ఇంకో కోణం ఎవరూ చెప్పలేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా అయితే 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. మీ బండి 1982ది అంటే 2032లో ఆ అర్హత వస్తుంది. ఇవాళ జిప్సీ ఇంజిన్ పెట్టారో, ఆ తలుపు మూసుకున్నట్టే.
మా బాపు అంబాసిడర్‌ను నేను అందుకే బోల్టు కూడా మార్చకుండ ఉంచిన.

ఏలూరు_క్లచ్
వింటేజ్ కింద నమోదైతే రోజూ తిప్పుకోవడం కుదరదు కదా. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే. తెనాలి గారు పిల్లలను ఎక్కించుకుని తిరుగుతానంటున్నారు. వాళ్లకు ఈ సలహా పనికిరాదు.

ఓరుగల్లు_అంబాసిడర్
ఇవాళ పనికిరాదు, నిజమే. 2032 నాటికి మామూలు రెన్యువల్ ఎంత కష్టమవుతుందో ఎవరికి ఎరుక? 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 10,000 చేసిన్రు. గ్రీన్ ట్యాక్స్ వేరు. దారి తెరిచి పెట్టుకోమంటున్న, అంతే.

ఏలూరు_క్లచ్
బోల్టు కూడా మార్చకుండా అన్నారు. బ్రేకు గొట్టాలు కూడా పాతవేనా?

ఓరుగల్లు_అంబాసిడర్
అవి మార్చిన. అంత మొండిగా ఉండలేను, ఇంట్లో మనవళ్లున్నరు.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఇక్కడ ఇంగ్లండ్ పద్ధతి మీకు ఆసక్తిగా ఉండొచ్చు. 40 ఏళ్లు దాటిన కారుకు ఏటా చేయించే ఎంవోటీ పరీక్ష తప్పనిసరి కాదు, రోడ్ ట్యాక్స్ కూడా ఉండదు. గత 30 ఏళ్లలో బండిని పెద్దగా మార్చి ఉంటే మాత్రం ఎంవోటీ మినహాయింపు పోతుంది. అయితే భద్రత కోసం, పొగ తగ్గించడం కోసం బ్రేకులు, యాక్సిల్ వైపు చేసిన మార్పులను పెద్ద మార్పుగా లెక్కపెట్టరు. నాకు ఆ ఆలోచన నచ్చుతుంది. రూపం కాపాడు, ప్రాణం కూడా కాపాడు అన్నట్టుంటుంది.
ఓరుగల్లు గారూ, మీ అంబాసిడర్‌ది 1489 సీసీ ఇంజిన్ అయితే అది బీఎంసీ బీ సిరీస్. ఇక్కడ మోరిస్, ఎంజీ పాత కార్ల వాళ్లకు దాని పార్టులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. ఏం కావాలో చెప్పండి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను.

ఓరుగల్లు_అంబాసిడర్
బాబాయ్, మీకు మా ఇంట్ల సర్వపిండి రెడీ.

కొత్తపేట_కరెంట్
అసలు ఇంజినే తీసేసి ఎలక్ట్రిక్ చేస్తే? చట్టంలో ఇంధనం మార్చుకోవడానికి వీలుంది కదా, సీఎన్‌జీ కిట్లలాగా.

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
వీలుంది. కానీ కిట్‌కు ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఆ ఆమోదం మీ బండి రకానికి వర్తించాలి, బిగించే సంస్థకు కూడా గుర్తింపు ఉండాలి. షెడ్డులో బ్యాటరీలు పేర్చి మోటారు బిగిస్తే అది నమోదు కాదు.

రెంటచింతల_ఎండ
ఏసీ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా ఊరి వాళ్లకు ఇంజిన్ కంటే అదే ముఖ్యం.

బెజవాడ_సోలెక్స్
ఏసీకి సి బుక్కుతో పేచీ లేదు, ఇంజిన్‌తోనే పేచీ. 1089 సీసీకి కంప్రెసర్ తగిలిస్తే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పెట్టాలనుకుంటే వరుస ఇది: ముందు రేడియేటర్ విప్పి రాడ్డింగ్ (లోపలి గొట్టాల్లో పేరుకున్న మడ్డి తీయడం) చేయించండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టండి, డైనమో ఉంటే తీసి ఆల్టర్నేటర్ పెట్టండి, తర్వాత చిన్న కంప్రెసర్. వరుస తప్పితే మొదటి సిగ్నల్ దగ్గరే వేడెక్కుతుంది.
ఇంకో పెద్ద విషయం పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఈ బండి తయారైనప్పుడు ఆ ఊహే లేదు. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగుళ్లు తీస్తాయి, పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ పోతుంది. షెడ్డులో నిలిచిన ట్యాంకులో తడి చేరితే తుప్పు. ఇంజిన్ మీద కారిన పెట్రోలు మంట అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు, కొత్త డయాఫ్రమ్, ట్యాంకు శుభ్రం, కార్బ్యురేటర్ జెట్టు కొంచెం పెద్దది. ఈ నాలుగూ జిప్సీ ఇంజిన్ ఖర్చులో చిన్న ముక్క కూడా కావు.

రెంటచింతల_ఎండ
మే నెలలో వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోకుండా పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి నడిపిన తరం మాది. ఈ20తో ఆ గుడ్డ ఇంకా తొందరగా ఆరుతుందేమో!

బెజవాడ_సోలెక్స్
గుడ్డ బదులు పంపుకూ ఇంజిన్‌కూ మధ్య మందం ప్యాకింగ్, గొట్టం సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగా. గుడ్డ మాత్రం డిక్కీలో ఉండనివ్వండి, అలవాటు ఎందుకు పోగొట్టుకోవాలి.

పాత_నంబరు
నాకో కోరిక. నా ఫియట్‌కు ఇంగ్లిష్ "ఏ" అక్షరంతో మొదలయ్యే పాత మూడక్షరాల నంబరు ఉంది. నల్ల పలక మీద వెండి అక్షరాలు ఎంత అందంగా ఉంటాయో! అదే ఉంచుకోవచ్చా?

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
నంబరు అదే ఉంటుంది, రాష్ట్రం విడిపోయినా చెల్లుతుంది. పలక మాత్రం సొంత బండికి తెలుపు మీద నలుపే. హై సెక్యూరిటీ ప్లేటు పాత బండ్లకూ బిగించుకోవచ్చు. నల్ల పలక ఫొటో తీసేటప్పుడు పెట్టుకుని, రోడ్డెక్కే ముందు తీసేయండి.

స్టెప్నీ
మూడు రకాలుగా కూసే హారన్ కూడా కుదరదు కదా సార్? మా తమ్ముడి తరఫున అడుగుతున్నా.

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
కుదరదు. అద్దాలకు నల్ల ఫిల్మ్, ముందు బుల్ బార్, చెవులు పగిలే సైలెన్సర్ కూడా కుదరవు. మీ తమ్ముడికి నా తరఫున చెప్పండి.

ఏలూరు_క్లచ్
ఎల్‌ఈడీ సంగతి నేను చెప్తా. పాత గుండ్రటి హెడ్‌లైటు డోములో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు ఎక్కడ పడాలో అక్కడ పడదు, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మంచి కంపెనీ హెచ్4 (హాలోజెన్) డోములు, 60/55 వాట్ల బల్బులు, మధ్యలో రిలే పెట్టించండి. పాత స్విచ్చు గుండా కరెంటు పోవడం వల్లే ఫియట్ లైట్లు మసకగా ఉంటాయి. రిలే పెడితే అదే బల్బు బాగా వెలుగుతుంది. అల్లాయ్‌లు పెట్టినా టైరు మడ్‌గార్డు దాటి బయటకు రాకూడదు. టైరు మొత్తం ఎత్తు మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. 14 అంగుళాల స్టీల్ రిమ్ము, మంచి రేడియల్ టైర్లు చాలు.

ఆటోనగర్_అన్న
నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. పిల్లలు ఎక్కే బండి అన్నప్పుడు నల్లమల గారి బావ కథ చదివాక జిప్సీ ఇంజిన్ పెట్టించమని నేను చెప్పలేను. కానీ పార్టుల కరువు నిజం, అది మాత్రం ఒప్పుకోవాలి. పిస్టన్ సెట్టు దొరికినప్పుడే కొని దాచుకోండి.

గోదావరి_గేరు
బ్రేకుల గురించి చివరిగా ఒక మాట. పాత పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పైగా హైడ్రాలిక్ లైను ఒక్కటే. ఒక్క చోట గొట్టం పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, ఏ చక్రానికీ బ్రేకు ఉండదు. అరకు వెళ్లి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాలి పెడల్ మెత్తబడటం నేను చూశాను. డిస్కుల కంటే ముందుగా, ముందు చక్రాల లైనునూ వెనక చక్రాల లైనునూ వేరుచేసే మాస్టర్ సిలిండర్ పెట్టించండి. గొట్టాలన్నీ కొత్తవి వేయించండి. డిస్కులు తర్వాత పెడితే బూస్టర్‌తో కలిపి తెలిసినవాడి చేత చేయించండి. వెనక చక్రాలు ముందే పట్టేయకుండా సర్దుబాటు చూడాలి, లేదంటే వానలో బండి తిరిగిపోతుంది.

తెనాలి_పద్మిని
అందరికీ చాలా థాంక్స్. నిర్ణయానికొచ్చాను. ఇంజిన్ అదే, బోరింగ్ చేయించి అదే నంబరుతో ఉంచుతాను. రంగు క్రీమే, ఇంట్లో కూడా అదే అడిగారు. ఫ్లోర్, తుప్పు మొదట. తర్వాత రెండు లైన్ల మాస్టర్ సిలిండర్, గొట్టాలు, రేడియేటర్, ఆల్టర్నేటర్, రిలేతో హెచ్4 లైట్లు, ఈ20కి తగ్గ గొట్టాలు. ఏసీ ఈ ఎండాకాలానికి లేదు. మేస్త్రికి ఈ థ్రెడ్ చదివి వినిపించాను. "ఇంత పని చెప్తే జిప్సీ ఇంజినే తేలిక సార్" అన్నాడు కానీ ఒప్పుకున్నాడు.
ఇంకో ప్రశ్న. సీటు బెల్టులు అసలే లేవు. ముందు సీటు బెంచీ. ఎలా బిగించాలి?

ఏలూరు_క్లచ్
రేకుకు నేరుగా బోల్టు వేస్తే ఊడి వస్తుంది. మధ్య స్తంభం లోపల, ఫ్లోర్ కింద మందం ప్లేటు వెల్డింగ్ చేసి, దానికి బిగించాలి. ఎలాగూ ఫ్లోర్ విప్పుతున్నారు కాబట్టి ఇప్పుడే చేయించండి, రంగు వేశాక అయితే మళ్లీ కాల్చాలి. వెనక కూడా పిల్లల కోసం మూడు చోట్ల పట్టే బెల్టులు పెట్టించండి. నడుము బెల్టు ఒక్కటే సరిపోదు.

రిటైర్డ్_బ్రేక్‌ఇన్‌స్పెక్టర్
దీనికి అనుమతి అక్కర్లేదు. ముందు బెంచీ తీసి విడి సీట్లు వేస్తే మాత్రం సి బుక్కులోని సీట్ల సంఖ్య దాటకుండా చూసుకోండి. మార్చికి ముందే పొగ సర్టిఫికెట్ తీసుకోండి. ఇంజిన్ బోరింగ్ అయ్యాక ట్యూనింగ్ చేయించకుండా పొగ పరీక్షకు వెళ్లకండి. పాత పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. సోలెక్స్ కార్బ్యురేటర్ సరిగా సర్దితే హాయిగా దాని కిందే ఉంటుంది.

బెజవాడ_సోలెక్స్
కార్బ్యురేటర్ నాకు పంపండి, నేను చూస్తా. తెనాలి నుంచి బెజవాడ ఎంత దూరం!

ఆటోనగర్_అన్న
ఆదివారం ఒక పాత స్టాకు గోడౌన్ ఖాళీ చేస్తున్నారు, వెళ్తున్నా. ఫియట్ సామాను ఏమైనా కనిపిస్తే తీసుకొస్తా. ఎవరికేం కావాలో రాత్రికల్లా రాయండి.

తెనాలి_పద్మిని
పిస్టన్ రింగులు 40 ఓవర్‌సైజు, ఎడమ డోరు హ్యాండిల్, డిక్కీ రబ్బరు బీడింగు.

పాత_నంబరు
ఫియట్ వైపర్ మోటారు. పనిచేయకపోయినా ఫర్వాలేదు, గేరు బాగుంటే చాలు.

స్టెప్నీ
నాకు స్టెప్నీ.